మాది కాని బండికి మహా ప్రార్థన

బండి కొనేముందు ఏమేం చూసుకోవాలని ఎవరైనా నన్ను అడిగితే చాలు, నా భార్య సువార్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఆ నవ్వు ఆగేదాకా నేను గోడ మీది క్యాలెండరు చదువుకుంటూ కూర్చుంటాను. సంగతేమిటంటే, మూడేళ్ల కిందట నేను ఒక కుటుంబ బండిని పరీక్షించి చూడబోయి, అది మాది కాకముందే, నిండు చర్చి సంఘం ఎదుట, నూనె రాయించి, ఎర్ర రిబ్బను కట్టించి, పాట పాడించి దేవునికి సమర్పించేశాను. షోరూము వాళ్ల బండి. వాళ్లకు మాటమాత్రం చెప్పకుండా. ఇలాంటి ఘనకార్యం ఈ లోకంలో ఇంకెవరైనా చేసి ఉంటే చెప్పండి, వాళ్ల పక్కన కూర్చుని ఒక పూట భోజనం చేయాలని ఉంది.

నేను పరవాడలో ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షించే విభాగంలో పని చేస్తాను. మాత్ర సరిగ్గా గుండ్రంగా ఉందా, నీళ్లలో వేస్తే చెప్పిన టైముకి కరుగుతోందా అని చూడటం నా ఉద్యోగం. ఆ ఉద్యోగం ఇంటికి తెచ్చిన జబ్బేమిటంటే, పొద్దున్నే ప్లేటులో పెట్టిన ఇడ్లీని కూడా అటూ ఇటూ తిప్పి చూస్తాను. "అది ఇడ్లీయే, తినండి" అంటుంది సువార్త. అలాంటివాణ్ణి బండి కొనమంటే ఊరుకుంటానా?

ఉండేది పెందుర్తి. నేను, సువార్త, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు కరుణమ్మ గారు. మా చర్చి మాత్రం అక్కడెక్కడో ఫిషింగ్ హార్బరు పక్కన. అప్పటికి మాకున్నది పాత చిన్న కారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆ కారులోకి ఆవిడ ఎక్కడం కాదు, దిగడమే. నూతిలోకి దిగినట్టు దిగాలి. చర్చి దగ్గర పైకి తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. చివరికి ఒకరోజు ఆవిడ, "నానింట్లోనే పాట పాడుకుంటానులే బాబూ, దేవుడికి పెందుర్తి దారి తెలీదేటి?" అని చర్చికి రావడమే మానేశారు. నాలుగు నెలలు. సువార్త మొహం చూడలేకపోయాను. ఆవిడ మోకాలు ఎక్కగలిగిన బండి కొనాలని నిశ్చయించాను.

బైబిల్లో ఓడ కట్టిన భక్తుడికి దేవుడు పొడవు, వెడల్పు, ఎత్తు మూరల్లో చెప్పాడు. నాకు చెప్పలేదు కనక నేనే టేపు పట్టుకున్నాను. మా అత్తగారిని వంటింటి పీట మీద, దాని మీద ఇంకో పీట వేసి ఎక్కించి, ఆవిడ కాలు నొప్పి లేకుండా ఎంత ఎత్తు లేస్తుందో కొలిచి రాసుకున్నాను. ప్రశ్నల జాబితా తయారు చేశాను. నలభై మూడు ప్రశ్నలు. నాలుగు షోరూముల్లో సేల్స్ కుర్రాళ్లు నన్ను చూడగానే టీ తాగడానికి వెళ్లిపోవడం మొదలుపెట్టారు. ఐదో షోరూములో ఒకడు మాత్రం పారిపోలేదు. పేరు అప్పలరాజు. శ్రీకాకుళం వైపు పల్లెటూరు. నా నలభై మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పాడు. ఆఖరి ప్రశ్నకి గొంతు పోయి సైగలు చేశాడు, అయినా చెప్పాడు.

"ఆదివారం పొద్దున్న బండి మీ ఇంటికే తెచ్చీత్తాను సార్. మీ అత్తగారిని, ఆడోళ్లని, పిల్లల్ని అందర్నీ కూసోబెట్టి సూసుకోండి. పన్నెండుకి మాత్రం తిరిగి పెట్టీయాల. ఇంకో పార్టీకి సూపించాలి."

"అలాగే" అన్నాను.

అతను గొంతు తగ్గించి, "సార్, ఇంకో మాట. ఈ నెల నానొక్క బుకింగూ తేలేదు. సోమారం పొద్దున్న మీటింగులో ఒక్కటైనా సూపించకపోతే ఇంక రానక్కర్లేదనీసినారు మేనేజరు గారు. మాయావిడికి ఏడో నెల. మీరు కొనకపోయినా పర్లేదు, బండి మాత్రం టైముకి ఇచ్చీయండి. ఆ పార్టీయే నాకు ఆఖరి ఆశ" అన్నాడు.

పాఠకులారా, ఈ మాట గుర్తుంచుకోండి. ఎందుకంటే మూడు రోజుల తర్వాత నేను గుర్తుంచుకోలేదు.

ఆదివారం ఎనిమిదింటికి అప్పలరాజు బండి తెచ్చి మా వీధిలో నిలబెట్టాడు. ఏడు సీట్లు, కప్పులో అద్దం, ముందు భాగం చూస్తే స్టీలు ప్లాంటులోంచి అలాగే తెగ్గొట్టి తెచ్చినట్టుంది. మా అత్తగారు పక్కనున్న పట్టీ పట్టుకుని, "యేసయ్యా" అని ఒక్క పిలుపు పిలిచి, కాలెత్తి, పెట్టి, కూర్చున్నారు. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ లాగలేదు. సువార్త కళ్లు తుడుచుకుంది. అత్తగారు అటూ ఇటూ చూసి, "ఇది కారు కాదు బాబూ, అరుగు" అన్నారు.

నాకు ఒళ్లు పొంగిపోయింది. "అయితే మీయమ్మని గుడికాడ దించీసి వచ్చీద్దాం. పోనూ రానూ అదే టెస్టు" అన్నాను.

"ఆదివారం ఆరాధన పూట బండి టెస్టులేటండీ?" అంది సువార్త.

"దించీసి తిరిగొచ్చీడమే. పదిన్నరకి అప్పలరాజు షోరూములో ఉంటాడు."

ఇక్కడ పాపం ప్రవేశించింది. ఆ బండి తలుపులకి రెండువైపులా 'టెస్ట్ డ్రైవ్' అని పలకలంత బోర్డులు అతికించి ఉన్నాయి. నేను సంఘ కార్యదర్శిని. సంఘ కార్యదర్శి ఇలాంటి బోర్డుల బండిలో చర్చి గేటు దాటడం అరువు కోటు వేసుకుని పెళ్లికెళ్లినట్టు ఉంటుందని నాకు తోచింది.

"అప్పలరాజూ, ఇవి తీయొచ్చా?"

"అయస్కాంతం బోర్డులే సార్. తీసి మళ్లీ పెట్టీవొచ్చు."

"అయితే తీసీ."

అతను తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. సువార్త నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి బోర్డులు వాటంతట అవే తిరిగి అతుక్కోవాలి. నేను మాత్రం బండి స్టార్ట్ చేశాను.

చర్చి గేటు దగ్గర యాకోబు నిలబడి ఉన్నాడు. రెండు మరబోట్ల యజమాని, మా సంఘ పెద్ద. హార్బర్లో చేపల వేలంపాట అరిచి అరిచి అతని గొంతు మైకు అవసరం లేనంత పెరిగిపోయింది. వరసకు నాకు బావ.

"ఓర్నాయనో! శామ్యూలు బావా! ఏటిది, బండేటి, బోటేటి? ఎప్పుడు తీసావు, మాటైనా సెప్పకుండా?"

కొనలేదు బావా, చూడ్డానికి తెచ్చాను. అంతా కలిపి నాలుగు ముక్కలు. నోటి దాకా వచ్చాయి కూడా. కాని యాకోబు వెనక పదిమంది అప్పటికే మెడలు సాచి చూస్తున్నారు. నేను చిరునవ్వు నవ్వి, "అంతా దేవుని కృప బావా" అన్నాను.

అబద్ధమా? కాదు. అంతా దేవుని కృపే. నాణ్యత పరీక్షలో ఆ వాక్యం నెగ్గుతుంది.

"గేటుకాడ ఎండలో ఎట్టీకు! లోపలికి, లోపలికి! ఇంకా! రా, రా, రా!" అంటూ యాకోబు చేతులూపి, బోటుని రేవులోకి తెచ్చినట్టు బండిని కాంపౌండు చివరి మూలకి తెప్పించాడు. అత్తగారిని దింపుతున్నంతలో వెనకాల పన్నెండు మోటారు సైకిళ్లు, రెండు ఆటోలు అడ్డంగా నిలబడ్డాయి.

అప్పలరాజు వాటిని చూశాడు. నన్ను చూశాడు. "ఎలగెల్తాం సార్?"

"ఆరాధన అయిపోగానే వెళ్దాం. పదకొండుకల్లా అయిపోద్ది" అన్నాను. మా ఆరాధన పదకొండుకి ఏనాడూ అయిపోలేదని సంఘ కార్యదర్శికి తెలియదా? తెలుసు.

పాస్టరు గారి భార్య ఎదురొచ్చారు. "దేవుడు మీ ఇంటికి ఎంత మేలు చేసేడు శామ్యూలు గారూ!"

"స్తోత్రం అమ్మగారూ."

"ఈ అబ్బాయి కొత్త డ్రైవరేటి?"

"మన... మనవాడే అమ్మగారూ."

మనవాడు బోర్డులు రెండూ ఎదకి హత్తుకుని లోపలికి వచ్చి ఆఖరి బల్ల మీద కూర్చున్నాడు. ఎవరో పాటల పుస్తకం చేతిలో పెట్టారు. అందరూ లేస్తే లేచాడు, కూర్చుంటే కూర్చున్నాడు. ఇంతలో అతని ఫోను మోగింది. మందిరంలో ఫోను మోగితే లోపల సందడి కాకుండా చూసే మా వాలంటీరు తాతకి మహా కోపం. వచ్చి, ఫోను తీసుకుని, దాని గొంతు నొక్కి, తన జేబులో వేసుకున్నాడు. అప్పలరాజు నా వైపు చూసిన చూపు, కసాయి దుకాణం ముందు కట్టిన మేక చూపు.

పదకొండున్నరకి ప్రసంగం ముగిసింది. నేను మెల్లగా లేవబోయాను. అప్పుడే పాస్టరు గారు పులకించిపోతూ మైకు అందుకున్నారు. "మన సంఘ కార్యదర్శి గారి కుటుంబానికి దేవుడు ఈ వారం గొప్ప వాహనం దయచేశాడు. వారు ముందుకొచ్చి ఆ మేలుకు సాక్ష్యం చెబుతారు. తర్వాత మనమంతా బయటికి వెళ్లి వాహనాన్ని ప్రార్థనలో సమర్పించుకుందాం."

హల్లెలూయా అని అరవై మంది.

ఆడవాళ్ల వైపు నుంచి సువార్త పాటల పుస్తకం ఊపుతోంది. చెప్పీండి అని ఒక ఊపు, చెప్పకపోతే ఇంటికి రాకండి అని ఒక ఊపు. నేను మైకు పట్టుకున్నాను. అబద్ధమాడి యేసు శిష్యుల ఎదుట అక్కడికక్కడే పడి చచ్చిన దంపతుల కథ సండే స్కూల్లో ఏటేటా పిల్లలకి చెప్పేది నేనే.

"ఈ ఉదయం దేవుడు మమ్మల్ని ఒక పెద్ద వాహనంలో కూర్చోబెట్టాడు" అన్నాను. నిజం. "నాలుగు నెలలుగా రాలేని మా అత్తగారు ఈరోజు తనంతట తాను ఎక్కారు." నిజం. "దారి పొడుగునా మాకు ఏ ఆటంకమూ కలగలేదు." నిజం. ఒక్కొక్క వాక్యం విడిగా తీసి పరీక్ష చేస్తే అన్నీ పాసు. కలిపి మింగితే విషం.

మూడుసార్లు యేసుని ఎరగనన్న శిష్యుడికి ఆఖర్న కోడి కూసింది. నాకు హార్బర్లోంచి ఒక బోటు భోంకారం పెట్టింది. అయినా నిజం చెప్పకుండానే వెళ్లి కూర్చున్నాను.

అందరూ బండి చుట్టూ చేరారు. సండే స్కూలు బీరువాలోంచి ఎర్ర రిబ్బను వచ్చింది. అత్తగారిని మళ్లీ ఎక్కించి మధ్య సీట్లో మహారాణిలా కూర్చోబెట్టారు. మా పద్ధతి ప్రకారం నాలుగు తలుపులూ, డిక్కీ తెరిచిపెట్టారు. పాస్టరు గారు వేలికి నూనె అద్దుకుని స్టీరింగుకి, తలుపులకి రాశారు. యాకోబు రెండు చేతులూ బానెట్ మీద వేశాడు. అప్పలరాజు నా వెనకే నిలబడి, "సార్, పన్నెండవతంది... సార్... పన్నెండు..." అని సన్నగా జపం చేస్తున్నాడు. అందరం కళ్లు మూసుకున్నాం.

"ప్రేమగల పరలోకపు తండ్రీ" అని మొదలుపెట్టారు పాస్టరు గారు. ఆయన ప్రార్థన మొదలుపెడితే మధ్యలో వాన వచ్చి వెలిసిపోయిన సందర్భాలున్నాయి. చక్రాలకు ఒక్కొక్కదానికి విడివిడిగా ప్రార్థించారు. బ్రేకులకు ప్రార్థించారు. ఎదురొచ్చే బొగ్గు లారీల కోసం ప్రార్థించారు. ఆ తర్వాత గొంతు పెంచి, "ఈ వాహనము ఈ కుటుంబమును విడిచి ఎన్నడును పోకుండును గాక! దీని తాళపుచెవి పరుల చేతికి చిక్కకుండును గాక! ఇది వచ్చిన చోటికి తిరిగి..."

"ఓలమ్మో! అయ్యగారూ, అలగ మొక్కీకండి! పన్నెండుకి ఇచ్చీయాల!"

అరవై జతల కళ్లు తెరుచుకున్నాయి. అప్పలరాజు రెండు బోర్డులూ రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాటి మీద ఏం రాసుందో చిన్న పిల్లలు కూడా కూడబలుక్కుని పైకే చదివారు.

పాస్టరు గారు నూనె వేలు గాల్లోనే ఉంచి, "శామ్యూలు గారూ, ఇదేటి?" అన్నారు.

నేను అప్పలరాజు మొహం చూశాను. చెమటా కన్నీళ్లూ తేడా తెలియడం లేదు. అప్పుడు, ఆ క్షణంలో మాత్రమే, నా చిన్న పరువుకీ అతని బతుకుకీ మధ్య ఎంత దూరముందో నాకు కనబడింది. మైకు లేకుండానే చెప్పేశాను.

"ఈ బండి నాది కాదు. షోరూముది. చూసుకుందామని తెచ్చాను. పొద్దున్న గేటుకాడే ఈ ముక్క చెప్పాల్సింది. గొప్పకి పోయి నోరు నొక్కుకున్నాను. ఈ అబ్బాయి డ్రైవరు కాదు, బండి అమ్మేవాడు. బండి పన్నెండుకి చేర్చకపోతే రేపు ఇతని ఉద్యోగం పోద్ది. పోతే అది నా పాపం. మీరంతా నన్ను క్షమించాల, ముందు ఇతను క్షమించాల."

నేను ఆ దంపతుల్లా పడిపోతానేమోనని నేల చూసుకున్నాను. అప్పుడు యాకోబు బానెట్ మీంచి చేతులు తీయకుండానే అడిగాడు: "మరిప్పుడేటి సేద్దాం అయ్యగారూ? నూనంటే తుడిసీగలం. ప్రార్థన తుడిసీగలమేటి?"

పాస్టరు గారి పెదవులు వణికాయి. కోపమనుకున్నాను. కాదు. ఆయన నవ్వు ఆపుకుంటున్నారు. ఆయన నవ్వగానే సంఘమంతా నవ్వింది. పన్నెండు మోటారు సైకిళ్లు తీయడానికి మనుషులు పరిగెత్తారు.

ఆ సందులోంచే ఒక మోటారు సైకిలు లోపలికి దూసుకొచ్చింది. నడిపేది షోరూము మేనేజరు. వెనకాల కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దాయన. పన్నెండు గంటల పార్టీ.

"అప్పలరాజూ! ఫోనెత్తవేటి? మ్యాపులో సూత్తే బండి పోర్టు పక్కన రెండున్నర గంటలు కదల్లేదు. ఓడెక్కించీసారేమో అనుకుని నా పేణం పోయింది!"

"ఓడ కాదండి, ప్రార్థన" అన్నాడు అప్పలరాజు ఏడుస్తూ.

నేను అడ్డం వెళ్లాను. "తప్పంతా నాది సార్. ఇతన్నేమీ అనొద్దు. రేపటి మీటింగుకి ఒక బుకింగు నా పేరున రాసుకోండి."

"నన్నడక్కుండానే?" అంది సువార్త వెనకనుంచి. నేను గతుక్కుమన్నాను. ఆమె నన్ను పక్కకి నెట్టి, బండిలోకి తొంగి చూసి, "అమ్మా, దిగు. ఎల్లిపోతారంట" అంది.

"నాను దిగను" అన్నారు అత్తగారు. "మోకాలు నొప్పెట్టనేదు. కావాలంటే బండీ నన్నూ కలిపి షోరూములో ఎట్టుకోమను."

సువార్త మేనేజరు వైపు తిరిగి, "రాసుకోండి" అంది. నా నలభై మూడు ప్రశ్నల పరీక్ష అక్కడితో ముగిసింది.

యాకోబు అప్పటికే డిక్కీలో తల దూర్చి ఉన్నాడు. "ఇందులో ఐసు పెట్టెలు ఎన్ని పడతాయి? నాలుగా? సీటు మడిసీత్తే? నాకూ ఒకటి రాయండి. నాను సేతులేసి ప్రార్థన సేసిన బండుండగా ఇంకో రకం ఎందుకు, ఇలాటిదే కావాల."

కళ్లజోడు పెద్దాయన ఈ గుంపునీ, రిబ్బన్నీ, దిగనని కూర్చున్న ముసలావిణ్ణీ చూసి కంగారుపడ్డాడు. "ఏటండీ, ఇంత మంది ఎగబడి కొంటన్నారా? నాకు ముందియ్యాల. నాను ముందే అనుకున్నాను!" అంటూ మేనేజరు చెయ్యి పట్టుకున్నాడు. నడిపి కూడా చూడలేదు ఆ మహానుభావుడు.

మూడు బుకింగులు. చర్చి కాంపౌండులో. పావుగంటలో. అప్పలరాజు ఆ మూడు కాగితాలూ పట్టుకుని ఎవరికి దండం పెట్టాలో తెలియక పాస్టరు గారికి, యాకోబుకి, మా అత్తగారికి, చివరికి బండికి కూడా పెట్టాడు. వాలంటీరు తాత ఫోను తిరిగిచ్చి, పఫ్ఫు, టీ చేతిలో పెట్టాడు. సోమవారం మీటింగులో అతన్ని నిలబెట్టి చప్పట్లు కొట్టించారట. రెండు నెలల తర్వాత ఆడపిల్ల పుట్టిందని మిఠాయి తెచ్చి ఇచ్చాడు.

మా బండి నెలకి వచ్చింది. రిబ్బనుతో, పువ్వులతో పాస్టరు గారి ముందు నిలబెట్టాం. ఆయన కళ్లు మూసుకుని, "తండ్రీ, వీళ్ల సంగతి నీకు తెలుసు. ఆమేన్" అన్నారు.

"అంతేనా అయ్యగారూ?"

"అసలుది అయిపోయింది కదా శామ్యూలు గారూ. పెద్ద ప్రార్థన. అందులోంచి వాడుకోండి."

మా అత్తగారు అప్పటినుంచి ఒక్క ఆదివారం మానలేదు. అరుగు మీద కూర్చున్నట్టే కూర్చుని పాడుకుంటూ వస్తారు.

మొన్న బుధవారం అప్పలరాజు ఫోను చేశాడు. ఇప్పుడతను ఆ షోరూములో సేల్స్ టీముకి పెద్ద. ఆనాటి డెమో బండిలో కూర్చున్నవాళ్లు కొనకుండా దిగింది తక్కువని, దాని స్టీరింగు మీది నూనె మేనేజరు ఎవరినీ తుడవనిచ్చేవాడు కాదని చెప్పాడు. "ఇప్పుడా బండి పాతదైపోనాదని తీసీసినారు సార్. కొత్త డెమో బండి వచ్చింది. రెండు వారాలయ్యింది, ఒక్కడూ కొనట్లేదు. అయ్యగార్ని ఒక్కపాలి తీసుకొచ్చీగలరేటి? మా మేనేజరు గారు నూనె సీసా కొనీసి ఎట్టినారు."

పాస్టరు గారికి చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, "పోదాం. ఈసారి బండి ఎవరిదో అందరికీ తెలుసు" అన్నారు.

కాబట్టి పాఠకులారా, కుడిచెయ్యి పైకెత్తి, సంఘ కార్యదర్శి హోదాలో, గంభీరంగా ప్రకటిస్తున్నాను. కాగితాల మీద నా పేరు తప్పుల్లేకుండా కళ్లారా చూసుకునేదాకా ఏ వాహనం ఎదుటా నేను కళ్లు మూసుకోను. స్తోత్రమనే మాటను గొప్పలకి గొడుగుగా పట్టను. పరాయి బండి మీద ఒక్క చుక్క నూనె పడనివ్వను.

ఈ ప్రమాణం వచ్చే ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల తర్వాత అమలులోకి వస్తుంది. రెండింటికి షోరూములో ఒక చిన్న ప్రార్థన ఉంది.